కోనసీమ రేవుదారులు – తరణధర్మవిచారము

గోదావరీనది రాజమహేంద్రవరమును దాఁటి ధవళేశ్వరముకడ రెండు పెద్దపాయలుగఁ జీలును. తూర్పుపాయ గౌతమి; పడమటిపాయ వసిష్ఠ. ఈ రెండింటికిని సముద్రమునకును నడుమ ముక్కోణాకృతితో నున్న భూమి కోనసీమ. గన్నవరముకడ వసిష్ఠనుండి విడివడిన వైనతేయ యీభూమిని మరల రెండుగ విభజించుచున్నది. కావున అమలాపురమువాఁడు కాకినాడకుఁ బోవలెనన్న గౌతమిని దాఁటవలెను. నరసాపురమునకుఁ బోవలెనన్న వైనతేయను, వసిష్ఠను వరుసగా దాఁటవలెను. రాజమహేంద్రవరమునకైనను నడుమ గౌతమి తప్పదు. వ్యాజ్యమునకైనను, వైద్యమునకైనను, విద్యకైనను పట్టణము చేరఁగోరు కోనసీమవానికి ఏఱు దాఁటని తెరువు లేదు.

ఇట్టి దేశమున రేవు దాఁటుట యనునది ప్రయాణికునకును పడవవానికిని నడుమ జరగు బేరము మాత్రమేనా, లేక రాజు నిర్వహింపవలసిన లోకకార్యమా? పడవకు హాని కలిగినచో నష్టభారమెవ్వరిది? ఈప్రశ్నలు నేఁటివి కావు. మన శాబ్దికులును ధర్మశాస్త్రకారులును వీనినిగూర్చి చెప్పిన దానిని మొదటఁ జూపి, పిమ్మటఁ గోనసీమ రేవుల చరిత్రము నందుకు సమన్వయించుట యీవ్యాసమునకు ప్రయోజనము.

శబ్దవిచారము

ద్వీపశబ్దము ద్వి, అప్ అను శబ్దముల సమాసము. సమాసాంతమగు అకారము చేరినపిమ్మట అప్‌శబ్దము మొదటి యచ్చునకు ఈకారము వచ్చునని పాణిని విధించెను. రెండువైపుల నీరు గలది ద్వీపమని ఫలితార్థము. అంతరీపము దీనికిఁ బర్యాయమని యమరసింహుఁడు చెప్పెను. తెలుఁగున నదీద్వీపమునకు లంక యని వ్యవహారము. బొబ్బర్లంక, పిచ్చికలంక, ఎదుర్లంక, పశువుల్లంక మున్నగు గ్రామనామములే యిందుకు సాక్ష్యము. కోనసీమ యొక పెద్దలంక; దాని యంచుల నదీగర్భమునందు చిన్నలంక లనేకములు గలవు. ఈ భేదమును పాఠకులు మనసున నుంచుకొనవలెను. వ్యాసాంతమున దీనితోఁ బని గలదు.

తౄధాతువు ప్లవనతరణార్థకము. దీనిపై ఉణాదులలోని థక్‌ప్రత్యయము చేరఁగా తీర్థశబ్దము సిద్ధించును. దేనిచే దాఁటుదురో యది తీర్థము, అనఁగా రేవు. పుణ్యక్షేత్రమను నర్థమును, గురువను నర్థమును దీనినుండి పొడమినవే. ఒక్కగురువుకడ వసించి చదివినవానిని సతీర్థ్యుఁడని వ్యాకరణము సాధించుచున్నది. సంసారమును దాఁటించు వానికిని, ఏటిని దాఁటించు చోటికిని ఒక్కపేరు పెట్టిన పెద్దలు రేవు నెంత గౌరవముతోఁ జూచిరో యూహింపవచ్చును.

నావికశబ్దమునందు మఱియొక విశేషము గలదు. దాఁటుచున్నాఁడను నర్థమున నౌశబ్దముపై ఠన్‌ప్రత్యయము వచ్చునని నాలవ యధ్యాయము నాలవపాదమున సూత్రము. ఆప్రకారము నావికుఁడనఁగా నావచే దాఁటువాఁడు. కుండ నాధారముగఁ గొని దాఁటువాఁడు ఘటికుఁడు. బాహువులచే నీఁది దాఁటునది బాహుక. నేఁడు లోకమున నావికశబ్దము పడవ నడపువానియందు రూఢమైనది. యోగార్థమును బట్టి చూడఁగా పడవ యెక్కిన ప్రయాణికుఁడును నావికుఁడే. నావచే దాఁటఁదగినది నావ్యము. దాఁటించినందుకు ఇచ్చు కూలి ఆతరము, తరపణ్యము. ఇట్లు నదికి, నావకు, దాఁటువానికి, కూలికి వేఱ్వేఱు శబ్దము లేర్పడియుండుటచే ఈవ్యవహారము మనదేశమున మిక్కిలి ప్రాచీనమనియు, వ్యవస్థితమనియుఁ దేలుచున్నది.

ధర్మార్థశాస్త్రములందలి నిర్ణయము

మనుస్మృతి యష్టమాధ్యాయమునఁ దరశుల్కము చెప్పఁబడినది. బండికి ఒక పణము; మనుష్యుఁడు మోయు బరువునకు అరపణము; పశువునకును స్త్రీకిని పాతికపణము; బరువులేని పురుషునకు అందు సగము. సరకు నిండిన బండ్లకు సరకువిలువను బట్టి సుంకము, వట్టిబండ్లకు స్వల్పము. దూరప్రయాణమున దేశకాలములను బట్టి కూలి నిర్ణయింపవలెను. రెండుమాసములు దాఁటిన గర్భిణియు, సన్న్యాసియు, వానప్రస్థుఁడును, బ్రాహ్మణబ్రహ్మచారులును ఏమియు నీయనక్కఱలేదు.

కౌటిల్యుఁ డీవిషయమున నింకను విస్తరించి, నావధ్యక్షుఁడను నధికారికి ఒక ప్రకరణమునే కేటాయించెను. మనుష్యునకును చిన్నపశువునకును ఒక మాషకము, తలబరువునకును గోవునకును గుఱ్ఱమునకును రెండు, ఒంటెకును గేదెకును నాలుగు, చిన్నబండి కైదు, ఎడ్లబండి కాఱు, పెద్దబండి కేడు – ఇది యాతని పట్టిక. మహానదులయందు ఈకూలి రెండింతలు. బాలురు, వృద్ధులు, రోగులు, గర్భిణులు, రాజశాసనము గొనిపోవువారు మున్నగువారు అధ్యక్షుని ముద్రతో నూరక దాఁటవచ్చును. ఎండకాలమునను చలికాలమునను గూడ నావలేక దాఁటరాని మహానదులందు పెద్దనావ లుండవలెననియు, వానియందు నాయకుఁడు, చుక్కాని పట్టువాఁడు, కొడవలి పట్టువాఁడు, త్రాళ్లు పట్టువాఁడు, నీరు తోడువాఁడు ఉండవలెననియు విధించెను. వానకాలమునందు మాత్రమే పాఱు నేళ్లకు చిన్నపడవలు చాలును.

ఇఁక నష్టభారము. పడవవారి యపరాధముచే నావయందలి వస్తువు చెడినచో దాశులందఱును గూడి తమతమ యంశమును బట్టి యిచ్చుకొనవలెననియు, దైవికమైన హానికి దండము లేదనియు మనువు చెప్పెను. కౌటిల్యుఁడో, తగిన మనుష్యులుగాని యుపకరణములుగాని లేని నావ, బాగుచేయని నావ చెడినచో నష్టమును నావధ్యక్షుఁడే పూరింపవలెనని చెప్పెను. ఒకరు పడవవానిపై, మఱియొకరు అధికారిపై భారముంచుటచే విరోధము తోఁచును. విషయభేదముచే దీనిఁ బరిహరింపవచ్చును. నావ దృఢమై, సిబ్బంది సరిగా నుండి, నడపువాని యజాగ్రత్తచే హాని కలిగినచో మనువచనమునకుఁ బ్రవృత్తి. నావయే యయోగ్యమై యున్నను, దాని నేటిపైకి విడిచినచోఁ గౌటిల్యవచనమునకుఁ బ్రవృత్తి. మొదటిది చేతి తప్పు, రెండవది వ్యవస్థ తప్పు. ఈవివేకమును మనవా రంత పూర్వమే చేసియుండిరనుట గమనింపఁదగినది.

రేవులును తీర్థములును

కోనసీమచుట్టునుగల పెద్దరేవులు తఱచుగా దేవస్థానములకడ నున్నవి. గౌతమి తూర్పుగట్టున కోటిపల్లి సోమేశ్వరుఁడు, ఎదుటిగట్టున ముక్తేశ్వరము. వసిష్ఠాసాగరసంగమమున అంతర్వేది, దానికిఁ బోవువారు నరసాపురమునుండి సఖినేటిపల్లికి రేవు దాఁటుట పూర్వాచారము. స్నానమునకు దిగు చోటును, దాఁటుటకు దిగు చోటును ఒక్కటియే యగుటచే తీర్థశబ్దముయొక్క రెండర్థములును ఇచ్చటఁ బ్రత్యక్షముగఁ గానవచ్చును. ఆంధ్రసాహిత్యపరిషత్తును 1911లో స్థాపించిన జయంతి రామయ్యపంతులుగారి జన్మస్థానము ముక్తేశ్వరమే. పరిషత్తు పిమ్మట కాకినాడకు మాఱినది. ఈ రెండుచోట్లకు నడుమ గౌతమియే యడ్డము.

దాఁటించు సాధనములు నీటి కనుగుణముగ నుండెను. నీరు పలుచనైన చోట గెడ వేసి త్రోయు పడవ. లోఁతైనచోటఁ దెడ్లు, గాలి యనుకూలించిన తెరచాప. బండ్లను పశువులను దాఁటించుటకు రెండు పడవలను జతకట్టి పైని బల్లలు పఱచినది బల్లకట్టు. దానివంటి పెద్దసాధనమునకే గోదావరీతీరమునఁ బంటు అని వాడుక. వేసవిని నడుమ నిసుకతిన్నెలు తేలినపుడు దిగి నడచి మరల పడవ యెక్కవలసివచ్చును. శ్రావణభాద్రపదములందు వఱద వచ్చినపుడు రేవు కట్టుబడును. ప్రయాణికులు గట్టున వేచియుండవలెను.

ఇట్లు వేచినవారి గతి యేమి? దీనికి సమాధానముగఁ గోనసీమయందు ఒక్కపేరు చెప్పుదురు. వైనతేయతీరమందలి లంకలగన్నవరమున డొక్కా సీతమ్మగారు (1841–1909) వేళ యనక, కులమనక, వచ్చిన బాటసారి కెల్ల నన్నము పెట్టిరి. ఏటిగట్టుననున్న యాయూర ఆకలిగొని దిగువారికి ఆయిల్లే సత్రమయ్యెను. జలప్రాయదేశమందలి గ్రామములు పడవవారికి భత్యవేతనముల నీయవలెనని కౌటిల్యుఁడు విధించియున్నాఁడు. ఆమె యేవిధియు లేకయే బాటసారుల భారమును వహించెను. రాజు చేయవలసినది చాలనిచోట గృహస్థధర్మము నిలుచుట కిది యుదాహరణము.

ఆనకట్ట – కాలువదారులు

ఆర్థర్ కాటన్ దొరగారి యాధిపత్యమున ధవళేశ్వరముకడ 1847లో నారంభమైన యానకట్ట 1852లో ముగిసెను. ధవళేశ్వరము, ర్యాలి, మద్దూరు, విజ్జేశ్వరము అను నాలుగుభాగములుగ నది నిర్మింపఁబడెను. సేద్యమునకుఁ గలిగిన మేలు సర్వవిదితము. మనకుఁ బ్రకృతమైనది దారి. కాలువలను నీటిపాఱుదలకే గాక పడవలు నడచుటకుఁ గూడ ననువుగ నేర్పఱచిరి. నీటిమట్టము భేదించుచోట లాకులు కట్టిరి. పడవ రెండుతలుపుల నడుమఁ జేరఁగానే వెనుకతలుపు మూసి, మట్టము సమమగువఱకు నీటిని విడిచి, ముందుతలుపు తెఱచుదురు. లొల్ల లాకులు ఈప్రాంతమున మిక్కిలి ప్రసిద్ధములు.

ఆకాలమున అమలాపురముననుండి బయలుదేరినవాఁడు కాలువపడవలోఁ గూర్చుండి బొబ్బర్లంకవఱకును జేరును. గట్టుపై మనుష్యులు మోకు పట్టి లాగుచుందురు. బొబ్బర్లంకకడ కాలువ విడిచి, ఆనకట్ట పైనున్న నిండునీటిలో గోదావరిని దాఁటి ధవళేశ్వరమున దిగి రాజమహేంద్రవరము చేరును. కాకినాడకుఁ బోవలసినవాఁడు ధవళేశ్వరమునుండి తూర్పుకాలువను బట్టి పోవును. కాకినాడనుండి చెన్నపట్టణమువఱకు కాలువలమార్గ మేర్పడియున్నందున, కోనసీమ కుగ్రామమునుండి రాజధానికిఁ గూడ నీటిపైననే పోఁగల వీలు కలిగెను. ఆపయనము నిదానము, కాని కాలువయందు మునుఁగుదుమను భయము తక్కువ. అపాయకరమైనది నడుమ నున్న నదీతరణ మొక్కటియే.

ఈకాలముననే గన్నవరముకడ వైనతేయపై నక్విడెక్టు కట్టఁబడెను. 49 కమానులపైఁ గాలువ నదిని దాఁటి నాగరమును ప్రాంతమునకు నీరు గొనిపోయెను. మనుష్యునకు వంతెన లేని కాలమున నీటికి వంతెన యేర్పడెననుట విశేషము. ఆ కట్టడము పాతఁబడఁగా దానిచెంత 2000లో నిర్మింపఁబడిన క్రొత్తదానికి డొక్కా సీతమ్మగారి పేరు పెట్టిరి. ఇది దారియును గలది. బాటసారులకు నన్నము పెట్టిన యామె పేరు బాటసారులు దాఁటు కట్టడమునకుఁ జెల్లుట మిక్కిలి యుచితము.

రేవులపై రాజాధికారమును స్థాపించినది 1890నాఁటి మద్రాసు కాలువల, బహిరంగరేవుల చట్టము. ఒక రేవును బహిరంగరేవుగాఁ బ్రకటించుటకును, సుంకములు నిర్ణయించుటకును, వసూలుహక్కును కౌలున కిచ్చుటకును ఈచట్టము ప్రభుత్వమునకు నధికార మిచ్చెను. రేవును పాటపెట్టుట, పాటదారుఁడు పడవలు నడపి సుంకము వసూలు చేసికొనుట వాడుకయైనది. స్మృతులయందలి పట్టికకును దీనికిని సాదృశ్యము గలదు. మనుష్యునకు వేఱు, పశువునకు వేఱు, బండికి వేఱు సుంకముండుటయే యామార్గము. ఒక్క భేదము గలదు. కౌటిల్యుని యధ్యక్షుఁడు రాజభృత్యుఁడు. పాటదారుఁడు లాభాపేక్షగల వర్తకుఁడు. ఎక్కువమొత్తమునకుఁ బాట పాడినవాఁడు ఆమొత్తమును రాఁబట్టుకొనుటకుఁ బడవపై నెక్కువమందిని ఎక్కించుటకు నాశపడును. ఇందు మనుష్యస్వభావమేగాని యాశ్చర్యము లేదు. కావుననే పర్యవేక్షణము రాజధర్మమైనది.

రైలు – వంతెనలు

1900లో రాజమహేంద్రవరముకడ గోదావరిపై రైలువంతెన తెఱవఁబడఁగా గోదావరి కిరువైపులనున్న తెలుఁగుసీమ కలిసెను. కోనసీమ మాత్రము విడిగానే యుండెను. 1928లో కాకినాడనుండి కోటిపల్లివఱకు 45 కిలోమీటరుల రైలుదారి వేసిరి. ముక్తేశ్వరముననుండి పడవపై గౌతమిని దాఁటినవాఁడు ఆవలిగట్టున రైలెక్కి కాకినాడ చేరెడివాఁడు. రెండవప్రపంచయుద్ధమున కినుము కావలసి 1940లో ఆపట్టాలను పెఱికివేసిరి. యుద్ధ మెక్కడనో జరుగుచుండఁగా, కోనసీమవాని దారి మరల పూర్వస్థితికి వచ్చెను. ఆ రైలుదారి మరల వేయఁబడుటకు 2004 వఱకుఁ బట్టెను. దానిని గౌతమీవైనతేయవసిష్ఠలను దాఁటించి నరసాపురమునకుఁ గలుపఁదలఁచిన పథకమునకు 2000 ప్రాంతమున శంకుస్థాపన జరిగినను, ఇరువదియేండ్లు గడచిన పిమ్మటఁ గూడ నది పూర్తి కాలేదు.

మఱియొక దారి యానాముమీఁదుగా. ఎదుర్లంకనుండి గౌతమిని దాఁటినచోఁ జేరునది యానాము. 1954 వఱకు నది ఫ్రెంచివారి యేలుబడిలో నుండుటచే, ఈరేవు దాఁటినవాఁడు నదితోఁబాటు రాజ్యమును గూడ దాఁటినవాఁడగును. బాల్యవివాహములను నిషేధించిన శారదాచట్టము 1930లో నమలులోనికి వచ్చినపుడు, అది చెల్లని యానామునకుఁ బెండ్లిబృందములు తరలిపోవుటచే దానికిఁ గల్యాణపురమను పేరు గలిగెను. ఏటి కావలిగట్టున ధర్మము వేఱగుట కిది నిదర్శనము.

వంతెనలు క్రమముగ వచ్చినవి. స్వాతంత్ర్యానంతరము రావులపాలెముకడ గౌతమిపైనను వసిష్ఠపైనను వంతెనలు కట్టఁగా రాజమహేంద్రవరమునుండి తణుకునకుఁ బోవు పెద్దబాట కోనసీమశిరోభాగమును స్పృశించెను. పిమ్మట పాశర్లపూడికిని బోడసకుఱ్ఱుకును నడుమ వైనతేయపై, దిండికిని చించినాడకును నడుమ వసిష్ఠపై వంతెన లేర్పడెను. యానాము – ఎదుర్లంక వంతెన 2002లో తెఱవఁబడెను. లోకసభాధ్యక్షులై యుండి ఆయేఁటనే మరణించిన ఎదుర్లంకవాస్తవ్యులు జి.ఎం.సి. బాలయోగిగారి పేరు దానికి నిలిపిరి. అప్పటినుండి అమలాపురమునఁ బ్రభుత్వబస్సు నెక్కినవాఁడు పాదమునకుఁ దడి యంటకుండ కాకినాడ చేరుచున్నాఁడు. 2022లో అమలాపురము ప్రధానస్థానముగఁ గోనసీమ ప్రత్యేకజిల్లాయై, కొన్నిపనులకు గౌతమిని దాఁటవలసిన యవసరము తగ్గినది.

పూర్వపక్షసిద్ధాంతములు

ఇచట నొక యాక్షేపము పొడముచున్నది. వంతెనలు వచ్చినపిమ్మట రేవులవిచార మేల? తరశుల్కమును, నావధ్యక్షుఁడును గ్రంథములయం దుండఁదగిన విషయములే కదా? ‘ఏఱు దాఁటువఱకు ఓడ మల్లయ్య, దాఁటినపిమ్మట బోడి మల్లయ్య’ అను సామెత యీయాక్షేపమునకుఁ జక్కఁగఁ దగును. వంతెన దాఁటినవానికి ఓడవానితోఁ బని లేదు. కావున ఓడవాఁడు కనఁబడఁడు.

దీనికి సమాధానము. వంతెనలు పెద్దలంకకు వచ్చినవి. చిన్నలంక లన్నింటికిని రాలేదు. మొదటఁ జెప్పిన భేదముయొక్క ప్రయోజన మిచటఁ దెలియును. నదీగర్భమందలి లంకలలోఁ గాఁపురమున్న రైతు తన కూరగాయలను, పాలకుండను, రోగియగు తల్లిని పడవపైననే యీవలికిఁ దేవలెను. అటుపిమ్మటనే యాతనికి బస్సు, ఆసుపత్రి, పట్టణము. వఱదకాలమున నీదైన్యము మిక్కుటము. 1986 ఆగస్టున ధవళేశ్వరముకడ 35 లక్షల ఘనపుటడుగులకు మించిన నీరు క్షణక్షణమును బాఱినపుడు లంకలవారికి పడవయే ప్రాణము.

2018 జూలై 14వ తేదీని పశువుల్లంక రేవుకడ గౌతమీజలములందు జరిగిన ప్రమాదము నిచ్చట స్మరింపక తీఱదు. పాఠశాలనుండి ఇండ్లకు మరలుచున్న పిల్లలును పెద్దలును ఎక్కిన నాటుపడవ, నిర్మాణమందున్న వంతెనస్తంభమును దాఁకి తలక్రిందులయ్యెను. కొందఱు బాలికలు నీటఁ బోయిరి. పడవ యవసరమును దీర్చుటకై కట్టుచున్న వంతెనయే యాపడవకు మృత్యువైనది. వంతెన పూర్తి యగువఱకు రేవును గాపాడువా రెవ్వరను ప్రశ్న యీదుఃఖమునుండి పుట్టుచున్నది. నేఁడు వంతెన కట్టుట యొక శాఖపని, రేవు నడచుట మఱియొక యేర్పాటు. రెండింటికిని నడుమనున్న కాలమునకుఁ గర్త లేఁడు.

ఇట్టిచోఁ గౌటిల్యవచనము మరల శరణ్యము. మనుష్యులును సాధనములును లేని నావకు, బాగుచేయని నావకు నధ్యక్షుఁడు పూఁచీ. సాధనమనఁగా నేఁటికాలమున రక్షణతొడుగు, మరయంత్రము, ఎక్కువవారు నెక్కకుండ నియమము, వఱదసమయమున రేవును మూయు నధికారము – ఇవన్నియును గ్రహింపవలెను. మనువు చెప్పిన దైవికశబ్దమును జాగ్రత్తతోఁ బ్రయోగింపవలెను. గాలి దైవికము, వఱద దైవికము. కాని వఱదయని యెఱిఁగియుఁ బడవను విడుచుట దైవికము గాదు. ఆ రెండింటిని వేఱుపఱచుటకే శాస్త్రము పుట్టినది.

కావున నిది సిద్ధాంతము. తరణము మనదేశమునఁ బ్రాచీనకాలమునుండియు లోకకార్యముగ నెంచఁబడినది. కూలి నిర్ణయించినను, దుర్బలుల నూరక దాఁటింపుమనినను, నష్టమునకు బాధ్యుని నియమించినను, అందుఁ గల తాత్పర్య మిదియే. కాలువపడవ పోయి రైలు వచ్చెను, రైలు పోయి మరల వచ్చెను, రేవులు పోయి వంతెనలు వచ్చెను. సాధనములు మాఱినను ధర్మము మాఱలేదు. పెద్దలంకవాఁడు సుఖముగ దాఁటినంతమాత్రమున నది తీఱిపోవదు. కడపటి చిన్నలంకలోని బాలిక పుస్తకములు తడియకుండ బడిచేరి, చీఁకటిపడకమున్న యిల్లు చేరువఱకు నావధ్యక్షుని పని ముగిసినట్లు గాదు. ఇతరనదులయందలి రేవుల పేళ్లను, సుంకపుఁబట్టికలను, ఆయాప్రాంతముల పడవమాటలను విద్వాంసులు సేకరించి ప్రకటించినచో ఈవిచారము పూర్ణమగును. పడవవారి వాడుకపదములు వారితోడనే పోవుచున్నవి గనుక, పాఠశాలలందలి పండితులు తమ తమ యూళ్ల రేవులకడ నీపనికిఁ బూనుకొందురుగాక.